మైకు పట్టుకున్నా మీ గొంతు మీదే ఉండాలంటే: ఐదు నిమిషాల సభా ప్రసంగానికి సమగ్ర మార్గదర్శి

టీ కొట్టు దగ్గర గంటసేపు నవ్విస్తూ మాట్లాడే మనిషి, చేతికి మైకు ఇవ్వగానే వేరే ఎవరో ఆవహించినట్టు "ఈ శుభ సందర్భమును పురస్కరించుకొని" అని మొదలుపెడతాడు. "ఆయన గురించి చెప్పాలంటే నాకు బోలెడుంది, కానీ స్టేజీ ఎక్కితే ఆ మాటలు రావు, పేపర్లో చదివినట్టు వస్తాయి, ఎలా?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. విడివిడిగా జవాబులు చెప్పే ఓపిక లేక మొత్తం ఒకచోట రాస్తున్నా.

ఉదాహరణకి పదవీ విరమణ సభను తీసుకుంటున్నా. మనలో చాలామంది మొదటిసారి మైకు పట్టేది అక్కడే. గవర్నమెంటు ఉద్యోగులు నెలాఖరునే రిటైరవుతారని అందరికీ తెలుసు, అయినా ఆ నెలాఖరు నెత్తిమీదకి వచ్చాక గానీ "నువ్వూ రెండు ముక్కలు మాట్లాడాలోయ్" అని ఫోన్ రాదు. కాబట్టి మీ చేతిలో నాలుగైదు రోజులే ఉన్నాయనుకుని ఈ వరస పెట్టాను. సంస్మరణ సభకీ, పూర్వ విద్యార్థుల సమ్మేళనానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

కావాల్సినవి: రికార్డు చేసే ఫోన్, పెళ్లి శుభలేఖంత మందంగా ఉండే ఒక కార్డు, మీ మాట ఓపిగ్గా వినే ఒక మనిషి.

1. ఒప్పుకునే ముందు ఇవి అడగండి

పిలిచినవాళ్లకి మొహమాటపడకుండా ఈ ఐదు ప్రశ్నలు వేయండి:

☐ నాకు ఎన్ని నిమిషాలు? ("నీ ఇష్టం" అంటే ఐదు అనే అర్థం చేసుకోండి.)
☐ నా ముందు ఎవరు, నా తర్వాత ఎవరు?
☐ రిటైరయ్యే ఆయన ఇంటివాళ్లు వస్తున్నారా?
☐ ఒకచోట నిలబడి మాట్లాడే పోడియమా, చేతి మైకా?
☐ భోజనాలు సభకి ముందా, తర్వాతా?

చివరి ప్రశ్న జోకు కాదు. మీరు ఏడో వక్త అయ్యి, టైం ఒంటిగంట దాటి, హాలు వెనకనుంచి పులిహోర తాలింపు వాసన వస్తుంటే ఎంత మనసు పెట్టి మాట్లాడినా వినేవాడు ఉండడు. అందుకని ఐదు నిమిషాలకి సిద్ధమైనా, అవసరమైతే రెండు నిమిషాల్లో ముగించేలా ఏ ముక్క తీసేయాలో ముందే గుర్తు పెట్టుకోండి.

2. ఒక్క సంఘటన దొరికేదాకా కాగితం ముట్టుకోవద్దు

నా మొదటి పదవీ విరమణ ప్రసంగం ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. రాత్రంతా కూర్చుని "స్నేహశీలి, మృదుభాషి, నిరాడంబరులు, అజాతశత్రువు" అని నాలుగు మంచి మాటలు ఏరుకుని వెళ్లాను. నా ముందు మాట్లాడిన ముగ్గురూ అవే నాలుగు మాటలు వాడేశారు, వరస మాత్రం వేరు. నేను వెళ్లి నాలుగోసారి అవే చెప్పి, శాలువా కప్పి దిగిపోయాను. ఎవరూ ఏమీ అనలేదు. అసలు వింటే కదా అనడానికి!

అప్పటినుంచి ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష పెడుతున్నా. ఆ వాక్యంలో ఆయన పేరు తీసేసి మీ ఆఫీసులో ఇంకెవరి పేరైనా పెట్టండి. అప్పుడూ అతికినట్టు సరిపోయిందా? కొట్టేయండి. "సమయపాలనకు మారుపేరు" ఎవరికైనా సరిపోతుంది. "తొమ్మిదింబావు బస్సు దిగేవారు, ఆయన గేటు దాటాకే మా అటెండరు గంట కొట్టేవాడు" అనేది ఆయనకి తప్ప ఇంకెవరికీ సరిపోదు.

సంఘటన తట్టకపోతే వీటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది:

☐ ఆయన నన్ను తిట్టింది ఎప్పుడు? తర్వాత ఏమైంది?
☐ ఆయన చేతిలో ఎప్పుడూ కనబడే వస్తువు ఏమిటి?
☐ ఆయన తరచుగా అనే మాట ఏమిటి?
☐ ఎవరూ చూడటం లేదనుకుని ఆయన చేసిన పని నేను ఎప్పుడైనా చూశానా?
☐ ఆయన్ని చూసి నేను మార్చుకున్న ఒక్క అలవాటు?

ఒక లెక్కల మాస్టారు రిటైరవుతున్నారు, మీరు పాత విద్యార్థి అనుకుందాం. ఈ ప్రశ్నలు వేసుకుంటుంటే మీకు ఇలా గుర్తొచ్చింది: ఆయన తప్పు లెక్కకి ఎర్రసిరాతో ఇంటూ కొట్టేవారు కాదు, పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి వదిలేసేవారు, తప్పు ఎక్కడుందో మనమే వెతికి దిద్దుకుంటే ఆ చుక్కని ఆయనే రబ్బరుతో చెరిపేసేవారు. చాలు. ఐదు నిమిషాలకి ఇది సరిపోతుంది. ఇంకో మూడు సంఘటనలు కలపాలన్న ఆశ పుడుతుంది, కలిపితే నాలుగూ పలచబడిపోతాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఉన్నదానికి కాళ్లూ చేతులూ తగిలించొద్దు. మీతోపాటు ఆ క్లాసులో కూర్చున్నవాళ్లు పదిమంది హాల్లో ఉంటారు, ఒక్కడు పక్కవాడితో "అలా జరగలేదురా" అన్నాడంటే అయిపోయింది. అనుమానంగా ఉంటే అప్పటి స్నేహితుడికి ఫోన్ చేసి సరిచూసుకోండి, మీకు తెలియని ముక్క ఒకటి అదనంగా దొరుకుతుంది కూడా. రెండు, అప్పులు, జబ్బులు, ఇంటి గొడవలు, పై అధికారితో పడిన పేచీలు... ఇవి ఎంత గొప్ప కథలైనా ఆయన్ని అడగకుండా మైకులో చెప్పకూడదు. "మీరు నా ఫీజు కట్టిన సంగతి చెప్పనా మాస్టారూ?" అని ముందురోజే అడిగేయండి. వద్దంటే వద్దు.

3. ముందు నోటితో చెప్పండి, తర్వాతే రాయండి

ఈ పది మెట్లలో ఒక్కదానికే టైం ఉంటే ఇదే చేయండి.

మనకి చిన్నప్పటినుంచీ రాసే తెలుగు వేరు, మాట్లాడే తెలుగు వేరు. పెన్ను పట్టుకోగానే వ్యాసరచన పోటీ గుర్తొస్తుంది, "అహర్నిశలు", "అపారమైన", "అభ్యున్నతికై" వాటంతటవే దిగుతాయి. అలా రాసుకున్నది స్టేజీ మీద చదివితే అప్పజెప్పినట్టు కాక ఎలా ఉంటుంది?

కాబట్టి ఇలా చేయండి:

మొదట ఫోన్లో రికార్డింగు నొక్కి, ఆ సంఘటన ఎరగని ఒక మనిషికి దాన్ని చెప్పండి. చెల్లెలో, పక్కింటి కుర్రాడో, ఎవరైనా సరే. వాళ్లకి ఒక్కటే పని, మీరు ఆగినప్పుడల్లా "తర్వాత?" అనడం. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు చూడండి, వాళ్లు ఊరికే తందాన తాన అనడానికే లేరు, మధ్యలో సందేహం అడిగి, ఆశ్చర్యపోయి, కథకుడి చేత ఇంకాస్త చెప్పిస్తారు. మీకూ అలాంటి వంత ఒకరు కావాలి. ఒంటరిగా అద్దం ముందు నిలబడితే నటన వస్తుంది, ఎదురుగా మనిషి ఉంటే కబురు వస్తుంది.

తర్వాత రికార్డింగు విని, మీ నోటినుంచి వచ్చిన మాటలు వచ్చినట్టే రాసుకోండి. వాయిస్ టైపింగు వాడినా సరే, కానీ అది యాస మాటల్ని దానికి తెలిసిన మాటల్లోకి మార్చేస్తుంటుంది, చూసుకుని వెనక్కి మార్చండి.

పెన్నుతో మొదలుపెడితే వచ్చేది:

"మాస్టారు గారు విద్యార్థుల పట్ల అపారమైన వాత్సల్యం కలిగి, వారి అభ్యున్నతికై అహర్నిశలు శ్రమించిన మహోన్నత వ్యక్తి."

నోటితో మొదలుపెడితే వచ్చేది:

"మా మాస్టారు ఇంటూ కొట్టేవారు కాదండీ. చుక్క పెట్టేవారు. చిన్న పెన్సిల్ చుక్క. మేం తప్పు వెతుక్కుని దిద్దుకుంటే ఆయనే చెరిపేసేవారు. పదో తరగతి అయిపోయాక నా నోట్సు తిరగేస్తే ఒక్కటంటే ఒక్క చుక్క మిగిలిపోయింది."

రెండోదాంట్లో వాత్సల్యం అన్న మాటే లేదు.

4. యాస దాచుకోవద్దు

కోస్తాలో మాస్టారు అంటాం, తెలంగాణలో సారు, సీమలో ఐవారు అనే ఊళ్లూ ఉన్నాయి. ఎదురుగా మనిషిని మీరు ముప్పై ఏళ్లుగా ఏమని పిలుస్తున్నారో మైకులోనూ అలాగే పిలవండి. "సారు చుక్క పెడుతుండె" అని ఇంట్లో చెప్పేవాడు స్టేజీ మీద "చుక్క పెట్టెడివారు" అంటే, మొదట విస్తుపోయేది ఆ సారే.

ఇంగ్లీషు మాటల గురించీ అడుగుతుంటారు. టెన్షన్, ట్రాన్స్‌ఫర్, ఆడిట్ లాంటివి ఉండనివ్వండి, వాటిని తెలుగు చేయబోతే వినేవాళ్లు అనువాదం చేసుకుంటూ కూర్చోవాలి. మొత్తం వాక్యాలే ఇంగ్లీషులోకి వెళ్లిపోతుంటే మాత్రం ఒకసారి హాల్లో కూర్చున్న, రిటైరయ్యే ఆయన అమ్మగారిని తలుచుకోండి. అమెరికాలో పెరిగిన పిల్లలు తాతగారి సభలో మాట్లాడాల్సొస్తే, వాళ్లకి వచ్చినంత తెలుగే చాలు. తప్పుల్లేని తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చి చదివించకండి, పాపం ఆ పిల్లలు ఏం చదువుతున్నారో వాళ్లకే తెలియదు.

5. వరస కుదర్చడం, కార్డు రాసుకోవడం

ఐదు నిమిషాలంటే ఎంతో నేను గడియారం పెట్టి చూసుకున్నా: ఆగాల్సిన చోట ఆగుతూ మాట్లాడితే నాకు నిమిషానికి 90, 100 మాటలు పడతాయి. అంటే 450 మాటలు దాటకూడదు. మీ వేగం మీరు ఒకసారి కొలుచుకోండి.

వరస ఇలా:

మొదటి వాక్యం సంఘటనలోకే దించాలి. "రెండు ముక్కలు మాట్లాడమన్నారు, నాకు మాట్లాడటం రాదు, తప్పులుంటే క్షమించాలి" అనే ఉపోద్ఘాతం పూర్తిగా తీసేయండి. అది వినయంలా అనిపిస్తుంది గానీ, సోది మొదలైందని వినేవాళ్లకి మీరే చెప్పినట్టు.

నడుమ సంఘటన. చూసినవి, విన్నవి చెప్పండి. తర్వాత దానివల్ల మీలో ఏం మారిందో రెండే వాక్యాలు.

చివరి వాక్యం హాలు వైపు కాకుండా నేరుగా ఆయన వైపు తిరిగి చెప్పాలి. మన ఉదాహరణలో అయితే: "మాస్టారూ, ఆ నోట్సు తెచ్చాను. ఆ లెక్క నిన్న రాత్రి కూర్చుని చేశాను. ఆ చుక్క చెరిపేయండి." (నిజంగా చేసి ఉంటేనే!)

కంఠతా పట్టాల్సింది మొదటి వాక్యం, చివరి వాక్యం, ఈ రెండే. నడుమ భాగానికి కార్డు మీద పెద్ద అక్షరాలతో ఐదారు మాటలు: ఇంటూ కాదు / చుక్క / రబ్బరు / పదో తరగతి / మిగిలిన ఒకటి. మొత్తం కంఠతా పడితే ఒక్క మాట జారగానే దండ తెగినట్టు అన్నీ జారిపోతాయి. పల్చటి కాగితం వద్దు, చెయ్యి కొంచెం వణికినా అది రెపరెపలాడి ఊరందరికీ చెబుతుంది.

6. మూడు రోజుల సాధన

మొదటి రోజు: నిలబడి, కార్డు చూస్తూ, మూడుసార్లు. ప్రతిసారీ మాటలు కాస్త మారాలి. మారకపోతే చిలక పలుకుల్లోకి వెళ్తున్నారన్నమాట.

రెండో రోజు: ఫ్యాను, టీవీ ఆన్‌లో పెట్టి గది అవతలి మూల కూర్చున్న మనిషికి వినబడేలా. రికార్డు చేసి వినండి. మన గొంతు మనకే నచ్చదు, అందరికీ అంతే, దాన్ని పక్కనపెట్టి ఎక్కడ పరిగెత్తారో చూడండి.

మూడో రోజు: ఒక్కసారే, వంత మనిషి ఎదురుగా, గడియారం పెట్టుకుని. తర్వాత ముట్టుకోవద్దు.

ఆవేశం గురించి కూడా ఇక్కడే చెప్పేయాలి. మనసు పెట్టి మాట్లాడటమంటే అరవడం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎన్నికల సభలు చూసీ చూసీ అలా అయిపోయింది. మైకు ఉన్నదే అరవక్కర్లేకుండా. హరికథలో దాసుగారు పద్యాలూ పాటలూ ఆపి పిట్టకథ అందుకున్నప్పుడు గమనించండి, అరుగు మీద కూర్చున్నట్టు మామూలు మాటలోకి దిగుతారు, జనం ఒక్కసారిగా ముందుకు వంగుతారు. మీకు ముఖ్యమైన వాక్యం దగ్గర గొంతు పెంచకుండా, దానికి ముందు ఒక క్షణం ఆగి, నెమ్మదిగా చెప్పి చూడండి.

7. గొంతు పూడుకుపోయే చోటు ముందే తెలిసి ఉండాలి

సాధనలో ఏదో ఒక వాక్యం దగ్గర గొంతు జీరబోతుంది. దానికి భయపడకండి, ఆ వాక్యాన్ని తీసేయకండి. కార్డు మీద దాని పక్కన గుర్తు పెట్టుకోండి. ఆ ఒక్క వాక్యాన్నే ఇంట్లో పదిసార్లు పైకి చదవండి. మొదటి మూడుసార్లు ఏడుపొస్తుంది, తర్వాత పట్టు దొరుకుతుంది.

అయినా సభలో వస్తే:

☐ మాట ఆపండి, నోరు మూసి ముక్కుతో నిదానంగా గాలి వదలండి.
☐ ఆయన మొహం వైపు చూడొద్దు, వెనక గోడమీద గడియారమో కిటికీయో చూడండి.
☐ ఒక గుక్క నీళ్లు తాగండి. ఎవరూ తొందరపెట్టరు.
☐ మళ్లీ అదే వాక్యం మొదటినుంచి, ఇంకా చిన్న గొంతుతో.
☐ "సారీ" అనొద్దు.

ఏడుపు రాకపోయినా పర్వాలేదు, రాలేదని తెప్పించుకోవద్దు. కర్చీఫు తీసి లేని కన్నీళ్లు తుడుచుకునేవాళ్లని ప్రతి సభలోనూ ఒకరిని చూస్తాం, ఇంటికెళ్లాక మనమే వాళ్లని అనుకరించి నవ్వుకుంటాం.

సంస్మరణ సభలో అయితే ఇంకో మాట. పోయినవాళ్ల గురించి నవ్వొచ్చే సంగతి చెప్పొచ్చా అని అడుగుతారు. ఇంటివాళ్లే మీతో అనుకుని నవ్వుకున్న సంగతయితే చెప్పొచ్చు, మిగతావి వద్దు.

8. సభ రోజు

అరగంట ముందే వెళ్లండి. మైకు సెట్టు అబ్బాయితో పరిచయం చేసుకుని, ఆన్ ఆఫ్ ఎక్కడో, సౌండు బాక్సులు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోండి. స్టేజీ మీద మిమ్మల్ని ఆదుకునే ఏకైక మనిషి అతనే.

☐ కడుపు నిండా తిని వెళ్లొద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు.
☐ గుండె దడ ఉన్నవాళ్లు ఆ పూట రెండో కాఫీ మానండి.
☐ ఫోన్ సైలెంటులో పెట్టి పక్కవాళ్లకి ఇచ్చేయండి.
☐ కార్డు చొక్కా జేబులో, నోట్సు లాంటి వస్తువు ఏదైనా ఉంటే సంచిలో కాకుండా చేతిలో.
☐ మీకూ శాలువా కప్పితే మడిచి కుర్చీలో పెట్టి రండి, భుజం మీంచి జారుతుంటే ధ్యాసంతా దానిమీదే.

పేరు పిలిచే ముందు గుండె కొట్టుకోవడం, నోరెండిపోవడం సహజం. ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువైనప్పుడు అలాగే ఉంటుంది. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరేడు లెక్కపెడుతూ వదలండి. ఐదుసార్లు. వదలడం ఎక్కువసేపు ఉండాలి, కిటుకంతా అందులోనే ఉంది.

9. మైకు ముందు మొదటి అర నిమిషం

నిలబడండి. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం గడ్డం వైపు దించి పట్టుకోండి. ఊదొద్దు, తట్టొద్దు, "వినబడుతోందా?" అనొద్దు, వినబడకపోతే వాళ్లే చెబుతారు. పాదాలు రెండూ నేలమీద ఆనాక ఒక శ్వాస తీసుకోండి.

సంబోధన ఒక్క వాక్యం చాలు: "అధ్యక్షుల వారికి, మా మాస్టారికి, అమ్మగారికి, అందరికీ నమస్కారం." వేదిక మీద పదకొండు మంది ఉంటే పదకొండు పేర్లూ హోదాలతో చదివితే మీ ఐదు నిమిషాల్లో ఒకటిన్నర ఎగిరిపోతుంది, పైగా వాళ్లలో ఎవరో ఒకరి పేరు మర్చిపోతారు, ఆ అలక ఏళ్ల తరబడి ఉంటుంది. వ్యాఖ్యాత అందరినీ ఎలాగూ పిలిచారు.

చూపు కోసం హాల్లో ముగ్గుర్ని ఎంచుకోండి: ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు, వెనక వరసలో ఒకరు. ఒక్కో వాక్యం ఒక్కొక్కరికి.

10. ఇలా జరిగితే

మైకు కుయ్ మంటే: సౌండు బాక్సు శబ్దం మళ్లీ మైకులోకి వెళ్తోంది. బాక్సు ముందునుంచి ఒకడుగు వెనక్కి జరగండి. మైకు తలని గుప్పిట్లో మూయకండి, ఇంకా పెరుగుతుంది.

మర్చిపోతే: తాపీగా కార్డు చూడండి. మూడు సెకన్ల నిశ్శబ్దం మీకు మూడు నిమిషాల్లా ఉంటుంది, వాళ్లకి ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

మీ కథే మీ ముందువాళ్లు చెప్పేస్తే: "ఇందాక మాట్లాడినాయన చెప్పిన రోజు నేనూ అక్కడే ఉన్నా, వెనక బెంచీలోంచి అది ఇలా కనబడింది" అని మీ వైపునుంచి చెప్పండి.

"ముగించండి" అని చీటీ వస్తే: చీటీ చదివి, నవ్వి, నేరుగా చివరి వాక్యానికి వెళ్లిపోండి. "ఒక్క నిమిషంలో ముగిస్తాను" అని చెప్పి పది నిమిషాలు లాగేవాళ్లని మీరూ చూశారు.

మధ్యలో చప్పట్లు వస్తే: ఆగేదాకా ఆగండి, వాటిమీదుగా మాట్లాడొద్దు.

జనం కబుర్లలో పడితే: గొంతు పెంచకండి, వినే ఒక్కరిని చూసి చెప్పండి. ఒక్కరూ వినకపోతే ఆయన వైపు తిరిగి ఆయనకే చెప్పండి, అసలు వచ్చింది అందుకే కదా.

ప్రసంగం అయ్యాక నేరుగా భోజనాల వైపు పరిగెత్తకండి, మీ తర్వాత మాట్లాడేవాళ్లు మిమ్మల్ని విన్నారు, మీరూ వాళ్లని వినాలి. ఇంటికొచ్చాక కార్డు వెనక రెండే ముక్కలు రాసుకోండి: ఎక్కడ జనం కదిలారు, ఎక్కడ మీరే పరిగెత్తారు. తేదీ వేసి దాచుకోండి, ఎందుకంటే ఆ హాల్లో మిమ్మల్ని విన్నవాళ్లలో ఎవరో ఒకరు వచ్చే నెలాఖరుకి రిటైరవుతుంటారు.